కళాకారుని స్వామ్యము

కృత్రిమమేధ యను యంత్రములకు విద్య గఱపుటకై గ్రంథములను, చిత్రములను, గానములను వాడుకొనువారు కర్తలకు ప్రతిఫలము చెల్లించి తీరవలెనని కేంద్రప్రభుత్వము నియమించిన సంఘమొకటి 2025 డిసెంబరులో ప్రతిపాదించినది. వలదనుటకు కర్తలకు వీలుండదు. ప్రతిఫలము మాత్రము ముట్టునట. ఢిల్లీలో నీ చర్చ జరుగుచుండగా మన సీమవారు ముందుగా నడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. ప్రతిఫలము పంచునాడు, ఇది నాదని చెప్పుకొనుటకు మన కళాకారునికి తనదేదో తెలియునా? తెలియదనియే మా భయము.

చెన్నేకొత్తపల్లికి పొరుగున, ధర్మవరము మండలములో నిమ్మలకుంట గలదు. తోలుబొమ్మలకు పేరొందిన గ్రామమది. అచటి దళవాయి చలపతిరావుగారికి 2020 లో పద్మశ్రీ పురస్కారము లభించినది. ఆటకు ఆదరణ సన్నగిల్లగా అచటి కుటుంబములు తోలుపై దీపపు తొడుగులను, గోడబొమ్మలను చిత్రించి జీవించుచున్నవి. తోలుబొమ్మల కళకును, ధర్మవరపు పట్టుచీరలకును భౌగోళిక సూచికగా నమోదు జరిగినది. దానితో సర్వమును సురక్షితమైనదని పలువురు తలంచుచున్నారు. ఆ నమోదు రక్షించునది ప్రాంతమునకు గల పేరును మాత్రమే. వ్యక్తి గీసిన గీతను రక్షించునది 1957 నాటి కాపీరైటు చట్టము.

రామాయణకథ యొకని సొత్తు గాదు. రావణునికి పది తలలుండుట యొకని సొత్తు గాదు. కాని చిత్రకారుడు తన యూహతో గీసిన రావణుని రూపము గీసిన క్షణముననే యతని సొత్తగును. నమోదు చేయింపకున్నను హక్కు పుట్టును. నమోదు వివాదమున సాక్ష్యముగా నుపకరించును. బొమ్మను కొన్నవాడు బొమ్మనే కొనెను గాని, దానిని వేయి బట్టలపై నచ్చువేసి యమ్ముకొను హక్కును కొనలేదు. కాయలు కొన్నవాడు తోటకు యజమాని కాడు గదా!

చీర నమూనాల సంగతి వేఱు. నమూనాల చట్టము క్రింద నమోదు కాదగినదానిని నమోదు చేయింపక, పారిశ్రామిక పద్ధతిలో 50 మార్లకు మించి వాడినచో కాపీరైటు రక్షణ పోవును. కావున క్రొత్త నమూనాను బజారున బెట్టుటకు ముందే నమోదు చేయించుకొనుట మేలు.

భూమివలె నీ స్వామ్యము తరతరములు నిలువదు. కర్త జీవించినంతకాలమును, గతించిన సంవత్సరము తరువాత 60 ఏండ్లును ఉండి, పిదప లోకమునకు జెందును. 1992 నాటి సవరణకు పూర్వ మీ గడువు 50 ఏండ్లే. పెనుకొండ సీమకు కీర్తి దెచ్చిన పుట్టపర్తి నారాయణాచార్యులవారు 1990 లో దివంగతులైరి. వారి జీవితకాలమున ప్రకటితములైన కృతులపై హక్కు 2050 సంవత్సరాంతము వఱకు నుండును. స్వంత పఠనమునకును, విమర్శకును న్యాయమైన మేరకు వాడుకొనుటను చట్టము నిషేధింపలేదు.

కర్త తన హక్కును అమ్మవచ్చును, కౌలున కిచ్చినట్లు కొంతకాలమున కీయవచ్చును. అమ్మకము వ్రాతమూలకముగ, సంతకముతో జరుగవలెను. ఏ హక్కు, ఎంతకాలము, ఏ ప్రాంతమున, ఎంత ప్రతిఫలమున కను సంగతు లందుండవలెను. కాలము వ్రాయనిచో 5 ఏండ్లనియు, ప్రాంతము వ్రాయనిచో భారతదేశము మాత్రమే యనియు చట్టము భావించును. హక్కు నమ్మినను, తానే కర్తనని చెప్పుకొను నధికారము పోదు. తెలిసి హక్కును హరించినవానికి 6 నెలలు మొదలు 3 సంవత్సరముల వఱకు ఖైదును, 50 వేలు మొదలు 2 లక్షల రూపాయల వఱకు జుల్మానాయు విధింపవచ్చును.

ఇట్లు చట్టము బలహీనుని పక్షముననే యున్నది. కాని “సర్వహక్కులును శాశ్వతముగ” నని యింగ్లీషులో వ్రాసిన కాగితముపై సంతకము చేసినవాని నా నియమము లెంతవఱకు కాపాడగలవు? ఎకరము పొలమమ్ము రైతు దస్తావేజును ఇద్దరిచే చదివించి వినును. బొమ్మ గీసినవాడును అట్లే చేయవలెను. ప్రతి బొమ్మ వెనుక పేరును, తేదిని వ్రాసి, ఛాయాచిత్రము దాచుకొనవలెను. వర్తకు లొప్పందములను తెలుగున వ్రాయవలెను. హిందూపురము, ధర్మవరము, పెనుకొండలలోని న్యాయవాదులు నెల కొక దినము ఈ కుటుంబముల కాగితములను చదివి చెప్పుటకు వెచ్చింతురేని, ఢిల్లీ సంఘము పంచదలచిన ప్రతిఫలములో మన సీమ వంతు మన సీమకు జేరును. ఆ పని కేప్రభుత్వము ననుమతియు నక్కఱలేదు.