చోటు చూసి పుట్టే దడ

2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఓ చిన్నారిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత టీటీడీ భక్తుల చేతికి కర్రలిచ్చింది. అలాంటి దారిలో చిరుత కంటబడకపోయినా, పొదలో అలికిడికే గుండె దడదడలాడుతుంది. ఈ దడ మెదడులో ఎక్కడ పుడుతుంది?

2018లో కొలంబియా, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు చిట్టెలుకల్లో దాని జాడ పట్టారు. నేలకు ఎత్తున, ప్లస్ గుర్తులా కట్టిన దారుల్లో రెండింటికి గోడలున్నాయి, రెండింటికి లేవు. గోడల్లేని వైపు అడుగు పెట్టగానే మెదడులోని హిప్పోక్యాంపస్ అనే ప్రాంతపు అడుగుభాగంలో కొన్ని నాడీకణాలు చురుకెక్కాయి. ఆ కణాలను కాంతితో అణిచిపెడితే, ఎలుకలు జంకు తగ్గి బయటికొచ్చి తిరిగాయి.

ఇలాంటి దడ వెనుక మెదడు కణాల పని ఉంది కాబట్టి, ఆందోళన పడేవారిని పిరికివారనడం మానేద్దాం. ముప్పు లేనిచోట కూడా దడ ఆగకపోతే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్దాం. ఈ సంచికను అందుకే కూర్చాం.

– సంపాదకుడు