పని వచ్చు.. కాగితం లేదు: ఆర్‌పీఎల్‌ ఎవరికి పనికొస్తుంది?

కొల్లేరు పక్కన చేపల చెరువులో అర్ధరాత్రి ఏరేటర్‌ ఆగిపోయిందనుకోండి. ఫోన్‌ చేయగానే వచ్చే మెకానిక్‌ను సర్టిఫికెట్‌ ఉందా అని ఎవరూ అడగరు. ఆక్సిజన్‌ అందకపోతే తెల్లారేసరికి చేపలు తేలిపోతాయి మరి! అదే మెకానిక్‌ కంపెనీ ఉద్యోగానికి వెళ్తే ముందు అడిగేది ఆ కాగితమే.

2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్‌ వికాస్‌ యోజనలోని ఆర్‌పీఎల్‌ ఇలాంటివారి కోసమే. రికగ్నిషన్‌ ఆఫ్‌ ప్రయర్‌ లెర్నింగ్‌.. అంటే అనుభవంతో అబ్బిన పనితనాన్ని పరీక్షించి గుర్తించడం. నెలల తరబడి క్లాసులుండవు. కొద్ది గంటల ఓరియెంటేషన్‌, తర్వాత పరీక్ష. పాసైతే సర్టిఫికెట్‌. పథకం 4.0లో వయసు 18 నుంచి 59 ఏళ్లు. ఫీజు లేదు. ఎవరైనా డబ్బు కట్టమంటే అనుమానించాల్సిందే.

మీకు తెలిసినవారిని పంపాలనుకుంటే ముందు ఒకటి చూడండి. ప్రతి జాబ్‌ రోల్‌కూ కనీస చదువు, అనుభవం ఎంతుండాలో రాసి ఉంటుంది. ఇరవై ఏళ్లు పనిచేసినా బడి మెట్లెక్కనివారు కొన్నింటిలో ఇక్కడే ఆగిపోవచ్చు. బడి బయట నేర్చినదాన్ని గుర్తిస్తామంటూ మళ్లీ బడి చదువే అడగడం వింతే.

కొల్లేరు లంకల్లో వలలు అల్లేవారికి, పడవలు చేసేవారికి మరో దారి ఉంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మలోని 18 వృత్తుల్లో ఈ రెండూ ఉన్నాయి. గుర్తింపు కార్డు, శిక్షణలో రోజుకు రూ.500, పనిముట్లకు రూ.15 వేలు ఇస్తారు. శిక్షణ పూర్తయ్యాక 5 శాతం వడ్డీకి తొలి విడతగా రూ.లక్ష వరకు రుణం వస్తుంది. అయితే ఇంటికి ఒక్కరికే. ఏలూరుకు పేరు తెచ్చిన తివాచీ నేత మాత్రం ఆ 18లో లేదు. హస్తకళలు, తివాచీలకు విడిగా సెక్టార్‌ స్కిల్‌ కౌన్సిల్‌ ఉంది కాబట్టి ఆ నేతగాళ్లు చూడాల్సింది ఆర్‌పీఎల్‌నే.

ఇక తాడేపల్లిగూడెంలో ఇళ్లకు వైరింగ్‌ చేసే ఎలక్ట్రీషియన్‌ సంగతి. ఆర్‌పీఎల్‌ సర్టిఫికెట్‌ వైర్‌మన్‌ పర్మిట్‌కు బదులు కాదు, ఐటీఐతో సమానమూ కాదు. సౌదీ వెళ్లాలంటే ఎలక్ట్రీషియన్‌, ప్లంబర్‌, వెల్డర్‌ వంటివారికి ఆ దేశం మన దగ్గరే వేరుగా నైపుణ్య పరీక్ష పెడుతోంది.

కూలి పెరుగుతుందా? సర్టిఫికెట్‌ ఉంటే ఇంత ఎక్కువ ఇవ్వాలన్న నిబంధన పథకంలో లేదు. కాంట్రాక్టరు అడిగితేనే దానికి విలువ. అందుకే పేరు నమోదుకు ముందు, ‘ఈ కాగితం చూపిస్తే మీ దగ్గర రేటు మారుతుందా?’ అని పని ఇచ్చేవారినే అడగమనండి.