వైర్ల రంగులు ఎవరి కళ్ళ కోసం?

యూనిటీలో గ్రాఫ్‌వ్యూ వాడి సొంతంగా డైలాగ్ ఎడిటర్ కట్టుకునేవాళ్ళని చూస్తుంటాను. నోడ్లు కనెక్ట్ అవడం మొదలవగానే అందరి చెయ్యీ స్టైల్‌షీట్ మీదికే పోతుంది. నల్లటి బ్యాక్‌గ్రౌండ్, నియాన్ అంచులు, గుండ్రటి మూలలు. డెమో రోజు బాగానే మెరుస్తుంది. కానీ పండగ ముగ్గు కాదు కదా, చూసి వెళ్ళిపోవడానికి! రోజూ రాత్రి కూర్చుని చదవాల్సిన బొమ్మ అది.

మా టీమ్‌లో ఒకడికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలీదు. డైలాగ్ గ్రాఫుల్లో "అవును" దారికి ఆకుపచ్చ, "కాదు" దారికి ఎరుపు పెట్టడం మామూలే. వాడికి ఆ రెండూ దాదాపు ఒకే మట్టిరంగు. ఏ వైరు ఎటు పోతోందో ప్రతిసారీ పక్కవాణ్ణి అడగాలి. టూల్‌లో సగం కోడ్ రాసిందేమో వాడే.

దీనికి మందు స్టైల్‌షీట్‌లోనే ఉందని నా వాదన. యూనిటీ వాడే యూఎస్‌ఎస్ మనకు తెలిసిన సీఎస్‌ఎస్‌కి తమ్ముడు. సెలెక్టర్లు, క్లాసులు, ఫ్లెక్స్‌బాక్స్, వేరియబుల్స్ అన్నీ ఉన్నాయి. చిక్కల్లా పేర్లు పెట్టే దగ్గరే. "రెడ్ నోడ్" అని క్లాస్ పేరు పెడితే రంగు మార్చిన రోజు ఆ పేరు అబద్ధమైపోతుంది. "కండిషన్ నోడ్" అని నోడ్ చేసే పనిని బట్టి పెడితే, సీ షార్ప్ కోడ్ ముట్టుకోకుండా ఎవరి షీట్ వాళ్ళు తగిలించుకోవచ్చు. రంగులన్నీ వేరియబుల్స్‌గా ఒకే ఫైల్లో ఉంచితే మావాడు మార్చుకోవాల్సింది నాలుగైదు లైన్లే. ఎరుపు-ఆకుపచ్చ బదులు నీలం-నారింజ.

వైర్ల సంగతి కాస్త వేరు. వైరు మామూలుగా తన రంగు పోర్ట్ నుంచి తీసుకుంటుంది. కాబట్టి మార్చాల్సింది పోర్ట్ రంగు. కోడ్‌లో ఎక్కడో పోర్ట్ రంగు నేరుగా రాసేస్తే మన షీట్ ఎంత మార్చినా వైరు మారదు. నోడ్ లోపల ఏ ఎలిమెంట్‌కి ఏ పేరుందో యూఐ టూల్‌కిట్ డీబగ్గర్‌లో కనిపిస్తుంది, ఊహించాల్సిన పనిలేదు. అయితే ఆ లోపలి పేర్ల మీద మరీ ఆధారపడొద్దంటాను. గ్రాఫ్‌వ్యూ నేమ్‌స్పేస్‌లోనే "ఎక్స్‌పెరిమెంటల్" అని ఉంది, రేపు మారిస్తే అడిగేవాడు లేడు. మనం తగిలించిన క్లాసులైతే మన చేతిలో ఉంటాయి.

రంగు ఒక్కటే చాలదు కూడా. కండిషన్ నోడ్‌కి ఎడమ అంచు మందంగా పెట్టండి, పోర్ట్ పక్కన "అవును", "కాదు" అని అక్షరాల్లో రాయండి.

"ఆడేవాళ్ళు ఈ ఎడిటర్ చూడరు కదా, దీనికింత అవసరమా?" అంటారు కొందరు. నిజమే, వాళ్ళు చూడరు. సబ్మిషన్ ముందు రాత్రి రెండింటికి ఏ వైరు తప్పు పోర్ట్‌లోకి పోయిందో వెతికేది మనమే.