అన్‌సీజన్‌లో వచ్చారేంటి?

ఉయ్యూరు బస్టాండు దగ్గర బందరు బస్సు దిగాం. నా చంకలో ఏడాదిన్నర పిల్లాడు, వేలు పట్టుకుని నాలుగేళ్ల పిల్ల, మా ఆయన వీపున ఒక బ్యాగు, రెండు చేతుల్లో రెండు సంచులు. ఆటో అతను మమ్మల్ని ఎగాదిగా చూసి, “అన్‌సీజన్‌లో వచ్చారేంటమ్మా?” అన్నాడు.

ఉయ్యూరుకి కూడా ఒక సీజనా అని నవ్వొచ్చింది. అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టాడు. “సంక్రాంతికి వస్తారు. వీరమ్మ తల్లి తిరనాళ్లకి వస్తారు. ఫ్యాక్టరీ ఆడేటప్పుడైతే చెరుకు లోళ్లతో రోడ్డే పట్టదు. ఇప్పుడేముందని?”

అది ఆగస్టు. పండగ లేదు. మాఘమాసంలో జరిగే తిరనాళ్లకి ఇంకా నెలలున్నాయి. చక్కెర ఫ్యాక్టరీ ఆగి ఉంది. విజయవాడకి ముప్ఫై కిలోమీటర్ల దూరంలో, బందరు రోడ్డు మీద ఉన్న ఈ ఊళ్లో పర్యాటకులు చూడవలసినవంటూ ఎప్పుడూ పెద్దగా లేవు. అయినా ఆ ప్రశ్న ఆటో అతను అడిగితే నాకేం అనిపించలేదు. ఆయన బేరం ఆయనది. హైదరాబాదులో బయలుదేరే ముందు ఇదే ప్రశ్న రకరకాల గొంతులతో అడిగినవాళ్లున్నారే, నా పేచీ వాళ్లతో.

మొదట బడి. మా పిల్ల ఎల్కేజీ. మూడు రోజులు రాదని చెబితే, “అకడమిక్ ఇయర్ మధ్యలో ఇలా అయితే కష్టం మేడమ్, పోర్షన్ మిస్సవుతుంది” అన్నారు. ఆ వారం పోర్షన్ ఏమిటో నాకు తెలుసు. చిన్న బడి గీతలు, నిలువు గీతలు, ‘డబ్ల్యూ ఫర్ వాటర్’. విద్యాహక్కు చట్టం ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లల సంగతి మాట్లాడుతుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఈ వయసు పిల్లలకి ఆటే చదువు అంటుంది. నాలుగేళ్ల పిల్ల మూడు రోజులు బడి ఎగ్గొడితే ఏ చట్టమూ ఏమీ అనదు. అనేది మనమే. ఒకటో తరగతిలో పడ్డాక ఇక పన్నెండేళ్లపాటు వాళ్ల క్యాలెండర్ మన చేతుల్లో ఉండదని తెలిసి కూడా, ఉన్న ఆ కాస్త వ్యవధినీ ముందే అప్పజెప్పేస్తున్నాం.

“సెలవుల్లో వెళ్లొచ్చుగా” అంటారు. సరే, ఆ సెలవుల సంగతే చూద్దాం. మన బళ్లకి పెద్ద సెలవులు ఏప్రిల్ చివర్నుంచి జూన్ రెండో వారం దాకా. కృష్ణా డెల్టా ఎండి, నోరు తెరుచుకుని ఉండే రోజులు సరిగ్గా అవే. బెజవాడ దగ్గర 1855లో ఆనకట్ట పూర్తయ్యాక, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాక, ఈ నేల క్యాలెండర్ కాలవల క్యాలెండరే. జూన్, జూలైల్లో నీళ్లు వదులుతారు. ఆ తర్వాత ఊడ్పులు. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఎటు చూసినా నీళ్లూ పచ్చదనమూ. కార్తీకం దాటాక కోతలు. కోతలకి ముందే వరిచేలో తడి ఉండగా మినుములు చల్లేస్తారు. సంక్రాంతికి వెళ్లినవాళ్లకి కనపడే పచ్చదనం చాలాచోట్ల ఆ మినుముదే. ఎండలు ముదిరాక కాలవలు కట్టేస్తారు. అడుగున బురద, ప్లాస్టిక్ కవర్లు, ఎండిన గుర్రపుడెక్క మిగులుతాయి. మనం పిల్లల్ని తీసుకొచ్చి “ఇదే మా ఊరి కాలవ” అని చూపించేది అప్పుడు. వాళ్లు ఫోన్ అడగరా మరి!

వేసవికి మామిడిపళ్లున్నాయి, ముంజెలున్నాయి. కాదనను. ‘వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి ఊరు’ మీద మనం రాసుకున్న కథలూ తీసుకున్న సినిమాలూ ఆ పళ్ల తీపితో నిండిపోయి ఉన్నాయి. నేనూ ఆ తీపి తిన్నదాన్నే. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. పదో తరగతి దాకా ప్రతి వేసవీ ఉయ్యూరు వచ్చిన నేను, పుల్లేరు కాలవ నిండుగా పారడం సరిగ్గా చూసింది ఈ ఆగస్టులోనే. ముప్ఫై మూడేళ్లకి. మా అమ్మమ్మ పోయాక, ఆ ఇల్లు అమ్మకానికి పెట్టాక.

రెండో ప్రశ్న చుట్టాలది. “అంత చిన్నపిల్లలకి ఏం గుర్తుంటుందే, డబ్బు దండగ.” నిజమే, గుర్తుండదు. మూడేళ్లలోపు సంగతులు పెద్దయ్యాక మనలో దాదాపు ఎవరికీ గుర్తుండవు. మరి అన్నప్రాశన ఎవరికి గుర్తుంది? మానేశామా? తాగిన పాలు గుర్తులేవని ఎముకలు పెరగడం మానాయా? అసలు గుర్తుండటం కోసమే ప్రయాణాలు చేయాలనే లెక్క ఫోటోలు వచ్చాక మొదలైనట్టుంది. చూసొచ్చినదానికి రుజువు కావాలి. రుజువు దొరికే ఊళ్లకే వెళ్లాలి. అందుకే నలుగురూ వెళ్లే వారంలోనే అరకు, నలుగురూ వెళ్లే నెలలోనే ఊటీ. అక్కడ పిల్లలు చూసేదేమిటో గమనించారా? మన నడుములు. వాళ్ల కళ్ల ఎత్తులో జనం కాళ్లూ నడుములే ఉంటాయి.

చిన్నపిల్లలు దృశ్యాలు చూడరు. మేం రెండో రోజు పామర్రు మీదుగా కూచిపూడి వెళ్లాం. సుమారు పాతిక కిలోమీటర్లు. సిద్ధేంద్రుడి ఊరు, ఒక నాట్యానికి పేరిచ్చిన ఊరు. దారి పొడుగునా పిల్లకి చెప్పుకుంటూ వచ్చాను. ఒక గోడ అవతల తట్టుకర్ర చప్పుడూ జతులూ వినపడుతుంటే నాకు ఒళ్లు పులకరించింది. మా పిల్ల అరగంటసేపు గోడకి ఇవతల కట్టేసిన మేకపిల్లని చూసింది. పిల్లాడు భుజం మీద నిద్రపోయాడు. రద్దీ రోజుల్లో అయితే నేను ఆ చెయ్యి పట్టుకుని లాక్కుపోయేదాన్ని. టికెట్టు కొన్నాం, ఇంత దూరం వచ్చాం, నీకు మేక కావాలా అని. ఆ రోజు కొన్న టికెట్టేం లేదు, వెనక తోసేవాళ్లూ లేరు. మేకతోనే కూర్చున్నాం. లోపల జతులు నడుస్తూనే ఉన్నాయి. సాయంత్రం ఇంటికొచ్చాక అది గచ్చు మీద అడుగులేస్తూ ‘తై’ అంటుంటే మా ఆయన నావంక చూశాడు. మర్నాటికి అదీ మర్చిపోయింది. పోనీ.

మూడో ప్రశ్న మన సాహిత్య మిత్రులది. దీన్ని కాస్త ఘాటుగానే తీసుకుంటాను, ఎందుకంటే ఇది చదివేది మీరే. “ఫ్యామిలీ టూరా? అది ట్రావెలింగ్ కాదు, వంటిల్లు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మార్చడం.” ఈ మాటన్న మిత్రుడు ఒంటరిగా హిమాలయాలకి వెళ్తాడు, చక్కగా రాస్తాడు కూడా. అతను వెళ్లిన పదిహేను రోజులూ అతని పిల్లాడికి ఎవరు స్నానం చేయించారో ఆ రాతల్లో ఉండదు.

మన యాత్రా సాహిత్యపు మొదటి పేజీల్లో 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఉన్నాడు. పెద్ద పరివారంతో వెళ్లాడు. మజిలీలు, నీటి వసతి, దొరికే దినుసులు, అన్నీ ఓపిగ్గా రాశాడు. ఆ ఓపికంటే నాకు గౌరవం. రాహుల్ సాంకృత్యాయన్ ‘ఘుమక్కడ్ శాస్త్ర’ దగ్గరికొచ్చేసరికి సంచారి కావాలంటే ఇల్లూ సంసారమూ సంకెళ్లే. తెంచుకోవాల్సిందే. మనలో చాలామంది ఆ పుస్తకం చదివి ఊగిపోయినవాళ్లమే. నేనూ ఊగాను, పెళ్లికి ముందు. ఇప్పుడు అడుగుతున్నాను. తెంచుకుని వెళ్లినవాడి కళ్లకే లోకం కనపడుతుందని ఎవరు తేల్చారు? చంకలో పిల్లాడుంటే గంటకి అర కిలోమీటరు నడుస్తాం. ఆ నడకలో దారిలోని ప్రతి తూమూ, ప్రతి కుక్కా, నీళ్లు తాగడానికి ఆగిన ప్రతి అరుగూ తెలుస్తుంది. అరుగు మీది ముసలమ్మ ‘ఎవరమ్మాయివి’ అని అడుగుతుంది. ఒంటరిగా వీపున సంచీతో వెళ్లినప్పుడు నన్ను ఏ ఊళ్లోనూ ఎవరూ అలా అడగలేదు.

అయినా ఆ మిత్రుడి మాటలో సగం నిజముంది. మొదటి రాత్రి అది రుజువైంది. అమ్మమ్మ ఇంట్లో కింద రెండు గదులు శుభ్రం చేయించి పెట్టమని పక్కింటివాళ్లకి చెప్పాం. చేయించారు. కానీ దోమలు. పదిన్నరకి కరెంటు పోయింది. పిల్లాడు ఏడుపు. నేను పొయ్యి దగ్గర పాలు కాస్తూ, చెమటలు కక్కుతూ, రేపు పొద్దున్నే బస్సెక్కుదాం అన్నాను. “రెస్టు కోసం వచ్చాం కదా, కాస్త ఓపిక పట్టు” అన్నాడు మా ఆయన, మంచం మీద నుంచి.

ఎవరి రెస్టు?

ఆ రాత్రి పోట్లాట వివరాలు మీకెందుకు గానీ, తెల్లారేసరికి మూడు షరతులు తేలాయి. పాలు కాయడం తప్ప ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. పిల్లల స్నానాలూ తడి బట్టలూ ఆయనవి. రోజూ ఒక పూట నేను ఒక్కదాన్నే ఎటైనా వెళ్తాను, ఎందుకని అడక్కూడదు. మెస్సు నుంచి రెండు పూటలా క్యారేజీ తెప్పించాం. పప్పు, వేపుడు, పులుసు, గడ్డపెరుగు. నలుగురికీ సరిపోయింది. ఫ్యామిలీ ట్రిప్పు వంటిల్లు మార్చడమే అవుతోందంటే తప్పు ఫ్యామిలీది కాదు, ట్రిప్పుది కాదు. పొయ్యి దగ్గర ఎప్పుడూ ఒకరే నిలబడటానిది. దాన్ని సరిచేయకుండా ‘ఒంటరి ప్రయాణమే ప్రయాణం’ అని తీర్పు చెప్పడం, మునిసిపాలిటీ కుళాయి పాడైందని దాహమే చెడ్డదన్నట్టుంటుంది.

అన్‌సీజన్ గొప్పదని రాస్తూ రెండు విషయాలు దాస్తే మోసం అవుతుంది.

ఒకటి, ఇక్కడ అన్‌సీజన్ అంటే ప్రమాదం కూడా. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడ ఇళ్లలోకి వచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం పదకొండు లక్షల క్యూసెక్కులు దాటింది. దివిసీమలో 1977 నవంబరు 19 అంటే ఇప్పటికీ పెద్దవాళ్ల గొంతు మారుతుంది. వాయుగుండం అని వినపడితే పిల్లలతో బయలుదేరొద్దు. టికెట్ల డబ్బులు పోతే పోనీ.

రెండోది రేటు. మూడో రోజు బందరు వెళ్లి, అక్కణ్ణుంచి మంగినపూడి బీచికి వెళ్లాం. నల్లమట్టి తీరం, లోతు తక్కువ. కార్తీక పౌర్ణమికి ఇసకేస్తే రాలనంత జనం ఉండే చోట ఆ రోజు మాతో కలిపి పదిమంది లేరు. పిల్లలు చీలమండల దాకా నీళ్లలో, మేం వాళ్ల చేతులు పట్టుకుని. ఒడ్డున మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆమె ముప్ఫై చెప్పింది. నా నోట్లోంచి అలవాటుగా, “అన్‌సీజన్ కదా, ఇరవైకివ్వు” అని వచ్చేసింది. ఆమె ఇచ్చేసింది. తిన్నాక సిగ్గేసింది. నాకు ఖాళీ తీరం ఆమెకి ఖాళీ బుట్ట. ఉయ్యూరులో ఫ్యాక్టరీ ఆగిన నెలల్లో సీజనల్ కార్మికులు వేరే పనులు వెతుక్కుంటారు. మా ఆటో అతను “ఇప్పుడేముందని?” అన్నది అందుకే కూడా కావచ్చు. మనకి ప్రశాంతత దొరికేది వాళ్లకి బేరాల్లేని రోజుల్లో. అన్‌సీజన్‌లో వెళ్లండి, కానీ సీజన్ రేటే ఇవ్వండి. ఇంకో రెండు పొత్తులు ముప్ఫై చొప్పున కొన్నాను. దాంతో లెక్క సరిపోయిందని అనుకోవడం లేదు.

తిరిగొచ్చే రోజు పొద్దున్నే, షరతు ప్రకారం ఒక్కదాన్నే కాలవ రేవుకి వెళ్దామని చెప్పులేసుకుంటుంటే పిల్ల లేచి వెంటపడింది. తీసుకెళ్లాను. రేవు పై మెట్టు మీద కూర్చోబెట్టి నడుం చుట్టూ చెయ్యేశాను. అమ్మమ్మ బట్టలుతికిన రేవు అని చెబుదామనుకుని ఆగిపోయాను. నా జ్ఞాపకం దానికెందుకు, కళ్లెదుట ఇంత ఉంటే. గుర్రపుడెక్క ముద్దలు ముద్దలుగా కొట్టుకొస్తోంది. ఒక ముద్ద మీద కొంగ నించుని సవారీ చేస్తోంది. “అమ్మా, నీళ్లు ఎక్కడికెళ్తున్నాయి?” అంది. చేలల్లోకి అన్నాను. “ఎవరు ఆపుతారు?” అంది. హైదరాబాదులో దానికి తెలిసిన నీళ్లు కుళాయి తిప్పితే ఆగేవే. ఎవరూ ఆపరు, వేసవిలో ఆపుతారు అన్నాను. కాసేపు ఆలోచించి, “అయితే వేసవిలో రావద్దు” అంది.

ఇల్లు ఇంకో నెలకి అమ్ముడుపోయింది. వచ్చే ఆగస్టుకి వెళ్తే ఏ లాడ్జిలోనో దిగాలి. వెళ్తాం.

బడికి తిరిగెళ్లిన రోజు డైరీలో సెలవు చీటీ నింపమన్నారు. ‘కారణం’ అని ఒక గడి ఉంది. జ్వరం అని రాస్తే ఎవరూ ఏమీ అనరు. అందరూ అదే రాస్తారట. నేను ‘కాలవకి నీళ్లొచ్చాయి’ అని రాసి సంతకం పెట్టాను. టీచరు ఇంకా ఏమీ అనలేదు.