బొద్దింక లేని వంటింటికీ మందే!

కోకాపేటలో మా అపార్ట్‌మెంట్ల గ్రూపులో ఈ వారం ఒక కబురు వచ్చింది. ఆదివారం ప్రతి ఫ్లాటుకూ పురుగుమందు కొడతారట. ఎవరింట్లో బొద్దింకలున్నాయి, ఎక్కడ చెద పట్టింది అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. మూడు నెలలైంది కాబట్టి కొట్టాలి, అంతే. ముందు రోజు అదే గ్రూపులో, రైతులు కూరగాయలకు విషం కొట్టి మనల్ని చంపుతున్నారని ఒకాయన వాపోతే చప్పట్ల బొమ్మలు వరసకట్టాయి.

ఒళ్లు మండింది అందుకే. పురుగుమందును నేను తిట్టను. మలేరియా గుట్టు దోమలో ఉందని 1897లో రొనాల్డ్ రాస్ తేల్చింది మన బేగంపేటలోనే. ఆ దోమను చంపిన మందు నిలబెట్టిన ప్రాణాలు తక్కువేం కాదు. గులాబీ పురుగు పట్టిన పత్తికీ మందు కావాలి. కాకపోతే పురుగును చూశాక కొట్టాలి, చెప్పిన మోతాదులో కొట్టాలి.

కేరళలో 1958లో పారాథియాన్ కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా పోయారు. అప్పటికి కళ్లు తెరిచి 1968లో పురుగుమందుల చట్టం తెచ్చారు. డబ్బా మీది రంగు గుర్తు దాని చలవే. ఎరుపు ఘోర విషం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ కూడా విషమే మహాశయా, ఆర్గానిక్ ముద్ర కాదు! ఇళ్లలో మందు కొట్టే వ్యాపారానికి లైసెన్సు కావాలి. దానికి డిగ్రీ, కనీసం 15 రోజుల శిక్షణ ఉండాలి. ఆ శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ పక్కనే రాజేంద్రనగర్‌లో ఉంది. మాస్కు, గ్లౌజులు లేకుండా పంపు పట్టుకొచ్చిన కుర్రాణ్ణి పంపిన వాళ్లకు లైసెన్సుందా అని అడిగిన ఫ్లాటు ఏది?

ఇక రైతు సంగతి. మందు డబ్బాలో వాడే తీరు చెప్పే కాగితం ఒకటి పెడతారు. చీమ తలకాయంత అక్షరాలు! కోతకు ఎన్ని రోజుల ముందు మందు ఆపాలో అందులోనే ఉంటుంది. చేలో భూతద్దం పట్టుకుని ఎవరు తిరుగుతారు? అందుకే రైతు షాపాయన మాట వింటాడు. అరువిచ్చేదీ ఆయనే మరి. తిట్టదలిస్తే ఆ అచ్చు వేసినవాళ్లను తిట్టండి. ఉమ్మడి ఖమ్మం జిల్లా పునుకుల రైతులు ఇరవై ఏళ్ల కిందటే వేపగింజల కషాయంతో, లింగాకర్షక బుట్టలతో పత్తి పండించి చూపారు. మూడు నెలలకోసారి వంటిల్లు తడిపే మనమా వాళ్లకు పాఠాలు చెప్పేది?

దోమల మాటా అంతే. సెల్లార్ల కోసం తవ్విన గుంతల్లో వాననీళ్లు నెలల తరబడి నిలుస్తాయి. సాయంత్రం పొగబండి వస్తే మనకు తృప్తి. పొగకు చచ్చేది ఎగిరే దోమ. నీళ్లలోని లార్వాకు చీమ కుట్టినట్టయినా ఉండదు. 2023 ఆగస్టు భూముల వేలంలో మా కోకాపేటలో ఎకరం 100 కోట్లు దాటించిన సర్కారుకు, ఆ గుంతల్లో నీళ్లు తోడించమని బిల్డరుకు ఒక్క నోటీసివ్వడానికి చేతులు రావు.