ఇంటి సరకునకు మాటయే సాక్షి



గతమాసమున మేము గృహపరిశ్రమలయందు జమాఖర్చులు వ్రాసికొనుట యెంత యావశ్యకమో విన్నవించితిమి. దానిని చదివి యొక సోదరి, "లెక్క వ్రాయుదము గాని, వ్రాయుటకు బేరమేది? మా సరకు మంచిదే. కొనువారికి తెలియుట యెట్లు?" అని యడిగినది. ప్రశ్న న్యాయమైనది. సంతలో కూర్చుండ వీలులేని యిల్లాలికిని, అంగడి తెరచుటకు మూలధనము లేని యిల్లాలికిని నేడు చేతిలోని ఫోనే సంతయు నంగడియు నైనది. అయితే ఆ యంగడిలో నెట్లు కూర్చుండవలెనో చెప్పువారు తక్కువ. కావున మా కంటియెదుట జరిగిన సంగతిని, అందు మేము చేసిన తప్పిదముతో గూడ, ఈ నెల నివేదించుచున్నాము.

మా సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము, రామచంద్రపురము మున్నగు తావులు కార్ఖానాలతో నిండినవి. పనికొరకు కోస్తానుండియు, రాయలసీమనుండియు, పరరాష్ట్రములనుండియు వచ్చిన కుటుంబము లిచ్చట వేలకొలది కలవు. జొన్న, సజ్జ మున్నగు మెట్టపైరులను శోధించు అంతర్జాతీయ సంస్థయగు ఇక్రిశాట్ 1972 లో పటాన్‌చెరుననే వెలసినది. వింత యేమనగా, జొన్నపై దేశదేశముల శాస్త్రజ్ఞులు పరిశోధనచేయు నీ యూరి చుట్టును వెలసిన క్రొత్త కాలనీలలో జొన్నరొట్టె తట్టుట తెలియని యిండ్లే పెక్కులు.

మా వీధిలో జహీరాబాదు ప్రాంతపు టాడుబిడ్డ యొకతె కలదు. ఆమె భర్త పనిచేయు కార్ఖానాలో పని తగ్గి, వారమునకు మూడుదినములే కూలి దొరకుచుండెను. కూతురి కాలేజీ రుసుము కట్టవలసిన గడువు ముంచుకొని వచ్చినది. ఆమెకు తెలిసిన విద్య రొట్టె తట్టుట యొక్కటే. ఆమె పుట్టినింటివైపున రొట్టెను పెనముపై కాల్చి, పిదప పొయ్యిసెగకు కరకరలాడునట్లెండించి దాచుకొందురు. దానిని కడక్ రొట్టె యందురు. తడి తగులకున్న చాలదినములు నిలువయుండును. పెట్టెలో బెట్టి దూరమునకు పంపవచ్చును. ఆమె మాయొద్దకు వచ్చి, "అక్కా, నాకు రొట్టె తట్టుట వచ్చును గాని మాట లల్లుట రాదు. మీరు చదువుకొన్నవారు, ఫోనులో నాలుగు మాటలు వ్రాసి పెట్టుడు" అని కోరినది.

మేము మా పంతులుగారి యింట నాలుగు కావ్యములు చదివిన గర్వమున, ఆమె నొక్క మాటయైన నడుగక, సమాసములు గుప్పించి వ్రాసితిమి. "మధుమేహమును మట్టుపెట్టు దివ్యాహారము" అని తలకట్టు పెట్టితిమి. ఎవరో తీసిన యందమైన రొట్టెల బొమ్మ నొకదాని నెచ్చటనుండియో తెచ్చి దానికి జతపరచితిమి. కాలనీలలోని వాట్సాప్ బృందములకు పంపితిమి. మూడుదినములలో పండ్రెండిండ్లవారు రొట్టెలు కావలెననిరి. మా పాండిత్యమునకు మేమే మురిసిపోతిమి.

మూడువారములు గడచినవి. ఒకనాడు రామచంద్రపురమునుండి యొక యిల్లాలు ఫోను చేసి, "అమ్మా, మా అత్తగారికి పదియేండ్లుగా చక్కెరవ్యాధి. మీరు వ్రాసినది చదివి రొట్టెలు తినుచు, మాత్రలు మానివేసినారు. ఇంక నెన్నాళ్లు తినవలెను?" అని యడిగినది. మా చేతులు చల్లబడినవి. వెంటనే, "రొట్టె మందు కాదు, జొన్నలో పీచు కలదన్నమాట నిజమే గాని పిండిపదార్థమును మెండుగ నుండును, నేడే మాత్రలసంగతి వైద్యునితో చెప్పుడు" అని బ్రతిమాలితిమి. పరీక్షచేయగా ఆ పెద్దమ్మగారికి రక్తములో చక్కెర హెచ్చియుండెను. దైవకృపచే ప్రమాదము తప్పినది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆహారపు సరకును గూర్చి తప్పుత్రోవ పట్టించు ప్రకటన చేసినవారికి 2006 నాటి ఆహారభద్రతా చట్టము 10 లక్షల రూపాయలవరకు జరిమానా విధించును. ఆ సంగతి మాకు పిదప తెలిసినది. కాని జరిమానాకంటె ఆ పెద్దమ్మగారి ప్రాణమే మమ్ము భయపెట్టినది.

మరునా డా సోదరితో నంతయు చెప్పి క్షమింపుమంటిమి. ఆమె నిదానముగా, "అక్కా, మీకు మాటలు వచ్చును. అయితే రొట్టె సంగతి మీరు నన్నడుగనే లేదు" అన్నది. కావ్యములలో దొరకని బుద్ధి ఆ యొక్క మాటతో వచ్చినది. అన్ని బృందములలోను మా తప్పు నొప్పుకొని వ్రాసితిమి. ఏడిండ్లవారు బేరము మానుకొనిరి. కూతురి రుసుము గడువు పదిదినములే యుండెను. ఆ నష్టమును భరించినది మేము కాదు, ఆమె. ఆ మాట యిప్పటికిని మమ్ము బాధించుచునే యున్నది. కాలేజీవారిని వేడి సగము కట్టి, మిగిలినదానికి నెలగడువు తెచ్చుకొన్నది.

నాటినుండి ఆమె చెప్పుటయు, మేము వ్రాయుటయు నైనది. జొన్నపిండికి గోధుమపిండివలె సాగు గుణము లేదు గనుక మరుగునీళ్లు పోసి పిసుకవలె ననియు, పిండి పాతదైన రొట్టె పగులు ననియు, ముసురుదినములలో రొట్టె కరకరలాడదు గనుక ఆనాడు పంపుట లేదనియు, ఈ దినమున మూడు రొట్టెలు మాడినవనియు, ఉన్నదున్నట్లు వ్రాసితిమి. బొమ్మలును ఆమె చేతివే, ఆమె పొయ్యివే. బొల్లారమున నొక కోస్తా యిల్లాలు తాను స్వయముగా తట్టిచూచి, నడుమ చినిగిన తన రొట్టె బొమ్మను పంపినది. అట్లు నేర్పిన బేరము పోవునేమో యని మేము శంకించితిమి. ఆమె మాత్రము నీళ్లు చాలలేదని చెప్పి, పిసుకు విధము నంతయు నోపికతో వివరించినది. ఆ కోస్తా యిల్లాలు రొట్టె నేర్చుకొన్నదో లేదో గాని, తానుండు భవనములోని వారందరితో నీమెను గూర్చి చెప్పినది. అచ్చటినుండియే తొమ్మిదిండ్లు వచ్చినవి. కాలేజీ బాకీ తీరినది.

భారతములోని నలోపాఖ్యానము మీ రెరిగినదే. దమయంతి నలుని చూడకయే వరించినది. హంస చెప్పిన మాటలే కారణము. నలుడు తన్ను తాను పొగడుకొన్న నామె వినియుండునా? నేడు కొన్న యిల్లాలి నోటిమాటయే మన హంస. మఱియు స్వయంవరమున నలుగురు దేవతలు నలుని రూపముతో వచ్చి కూర్చుండగా, ఆమె నిజమైన నలుని దేనిచే గుర్తించినది? దేవతలకు చెమట లేదు, వారి పూదండ వాడలేదు, పాదములు నేలనంటలేదు. నలునికి చెమటయు, ధూళియు, వాడిన దండయు నుండెను. ఫోనులో కనబడు వేయి మెరుపు బొమ్మలలో కొనువారు వెదకునది యా చెమటనే, యా ధూళినే.

ఈ మార్గము మేము క్రొత్తగ కనిపెట్టినది కాదు. మా జిల్లాలోనే జహీరాబాదు చేరువ పస్తాపూరు కేంద్రముగా 1983 లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ యేర్పడినది. అందలి సంఘముల స్త్రీలు, పెక్కుమంది దళితులు, బడి మొగ మెరుగనివారు, చిరుధాన్యములను పండించి, విత్తనములను కాపాడి, తమ పంటసంగతి తామే లోకమునకు చెప్పుకొనిరి. సంక్రాంతినాళ్లలో విత్తనముల బండ్లు కట్టుకొని యూరూర పాతపంటల జాతర నడపిరి. కామెరా పట్ట నేర్చి చిత్రములు తీసిరి. 2008 అక్టోబరు 15వ తేదీని మాచనూరున సంఘం రేడియోను ప్రారంభించి తమ గొంతుతో తమ యాసలో మాటాడిరి. 2019 లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ పురస్కారము లభించినది. 2023 ను చిరుధాన్య సంవత్సరముగా ప్రపంచమంతయు జరుపుకొన్నది. మా మెతుకుసీమ యాడువారు అంతకు చాల ముందే ఆ మాట చెప్పియుండిరి. చేతిలో యంత్రమేదైన నేమి? పనిచేయువారి మాట పనిచేయువారి నోటనుండియే రావలెను.

ఇంక కొన్ని జాగ్రత్తలు. బేరమునకు వేరొక ఫోనుసంఖ్య నుంచుకొనుడు. ఒకరి నడుగక బృందములో చేర్పకుడు. అందరి సంఖ్యలును అందరికి కనబడుట యాడువారికి క్షేమము కాదు. అందుకు బదులు ప్రసారజాబితా నుపయోగింపవచ్చును. అయితే మీ సంఖ్యను తమ ఫోనులో వ్రాసికొన్నవారికే అది చేరును. కావున మొదట వారిని వ్రాసికొమ్మని కోరుడు. యూపీఐ మూలమున సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ కొట్టనక్కర లేదు. కొట్టుమన్నవాడు దొంగయని యెరుగుడు. మోసపోయినయెడల ఆలస్యము చేయక 1930 సంఖ్యకు ఫోను చేయుడు. తినుబండారముల నమ్మువారు ఆహారభద్రతా శాఖలో నమోదుచేయించుకొని, వారిచ్చు 14 అంకెల సంఖ్యను పొట్లముపై వేయవలెను. 2020 జూలైనుండి నడచుచున్న ఉద్యమ్ నమోదునకు రుసుము లేదు. సొమ్మడుగు దళారుల నమ్మకుడు. అన్నిటికంటె ముఖ్యము, ఫోనులో జాబులిచ్చుటకు పట్టిన కాలమునుగూడ కూలిలెక్కలో వేయుడు. ఆ సోదరికి దినమున కొక గంట యిందులకే పోవుచుండెను. ఇప్పుడు సాయంకాలము నాలుగింటినుండి అయిదింటివరకే జవాబిత్తునని వ్రాసి పెట్టినది. ఎవరును తప్పుపట్టలేదు.

మొన్న నొక పెద్ద యంగడివారు దినమునకు అయిదువందల రొట్టెలు కావలెనని యడిగిరి. ఆమె, ఆమెతో చేరిన మరి యిద్దరును కలసి తట్టగలిగినవి నూటయేబది. "మిగిలినవి యెవరు తట్టినారని వ్రాయుదుము?" అని యామె మమ్మే యడిగి, తానే వారికి వలదని చెప్పి పంపినది. మాకు వ్రాయుటకు మాట మిగులలేదు.

మీమీ యూళ్లలో ఇట్టి పరిశ్రమలు నడపు సోదరీమణులు తమ యనుభవములను, లాభములతోపాటు పొరపాట్లనుగూడ, మాకు వ్రాసి పంపుదురుగాక. వచ్చు మాసమున పొట్లములు కట్టు విధమును గూర్చి ముచ్చటింతము.