కాలికి తగిన సైకిలు

సామాన్య కుటుంబమున సైకిలు కొనుట చిన్న ఖర్చు కాదు. పంట చేతికి వచ్చిన పిమ్మటనో, జీతమున నెలనెల కొంత మిగిల్చియో తండ్రి ఆ సొమ్ము కూర్చును. అట్లు కొన్న సైకిలు మూడు నెలలకే గోడకు చేరినచో, దోషము పెక్కుమార్లు సైకిలుది కాదు, ఎన్నికది.

ఈ ఎన్నికలో రెండు పొరపాట్లు కానవచ్చును. “ఎదిగే పిల్లవాడు, నాలుగేండ్లు పనికివచ్చును” అని పెద్దలు ఎత్తైన సైకిలును కొందురు. వంగిన హ్యాండిలు, సన్నని టైర్లు గల రోడ్డు సైకిలును చూచి మురిసిన పిల్లలు అదియే కావలెనందురు. పెద్దలు రేపటిని చూతురు, పిల్లలు రూపమును చూతురు. నేడు దానిని తొక్కవలసిన కాలిని, అది పోవలసిన బాటను ఇరువురును మరతురు.

ఈ రెంటిని మరువరాదని సైకిలు చరిత్రయే చెప్పుచున్నది. 1870 ప్రాంతమున ముందు చక్రము మిక్కిలి పెద్దదిగా నుండు సైకిళ్లు వాడుకలో నుండెను. వానిపై కూర్చున్నవాని కాలు నేలకందదు; ముందునకు పడినచో తలకు దెబ్బ తగిలెడిది. 1885లో ఇంగ్లండున జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రములను ఇంచుమించు సమానముగా చేసి, వెనుక చక్రమును గొలుసుతో నడుపు రోవర్ సైకిలును తెచ్చెను. అట్టి వానికి సురక్షిత సైకిళ్లని పేరు వచ్చెను. 1888లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడగు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల బండికి కుదుపు తగ్గించుటకై గాలి టైరును సిద్ధపరచెను. మొదటివాని కృషి కాలికి, రెండవవాని కృషి బాటకు మేలు చేసెను.

కావున మొదట కాలిని చూడవలెను. సీటునకు, హ్యాండిలునకు నడుమగల పై కడ్డీకి ఇరువైపుల పాదములు నేలనుంచి నిలిచినపుడు, ఆ కడ్డీకిని శరీరమునకును మధ్య రెండంగుళముల ఎడమైన నుండవలెను. సీటుపై కూర్చుండి, కిందికి వచ్చిన పెడలుపై మడమ నానించినచో కాలు నిటారుగా చాగవలెను. తొక్కునపుడు పాదపు ముందుభాగము ఆనును గనుక మోకాలు ఇంచుక వంగియుండును. మోచేతులు బిగియరాదు, బ్రేకు వ్రేళ్లకు సులభముగా అందవలెను. ఎత్తైన సైకిలెక్కిన బాలుడు, ఎదుట లారీ వచ్చినపుడు చటుక్కున దిగి కాలు మోపజాలడు. నాలుగేండ్ల పొదుపు ఆ ఒక్క క్షణమునకు చాలదు.

తరువాత బాటను చూడవలెను. కరీంనగరు ప్రాంతము గ్రానైటు రాతికి ప్రసిద్ధి. బరువు లారీలు తిరుగు దారుల అంచున కంకర, గుంతలు తప్పవు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో నల్లరేగడి నేలలు విస్తారము. వానకాలమున ఆ బురద టైరునంటి, మడ్గార్డులో బిగిసి, చక్రమునే ఆపును. 23 మిల్లీమీటర్ల టైరు నున్నని తారుదారిపై చురుకుగా పోవును. గుంతలో పడినచో లోని ట్యూబు నలిగి చిల్లిపడును. మొదటి సైకిలుకు 32 మిల్లీమీటర్లు గాని అంతకు మించి గాని వెడల్పు గల టైరు, దానిచుట్టు బురద జారిపోవు ఎడము ఉండుట మేలు.

నిర్మలు దగ్గరి మహబూబ్ ఘాటు వంటి ఎత్తులు ఎక్కువారు గేర్లను పరిశీలింపవలెను. ముందు పళ్లచక్రమునకు 48, వెనుకదానికి 16 పళ్లున్నచో, పెడలు ఒక చుట్టు తిరిగినంతట వెనుక చక్రము మూడు చుట్లు తిరిగి, సైకిలు సుమారు 6.3 మీటర్లు పోవును. ఇది చదునుకు మంచిది. ఘాటున కాళ్లు నిలిచిపోవును. రెండింటను 34 పళ్లున్నచో 2.1 మీటర్లే పోవును గాని ఎత్తు సులభముగా ఎక్కవచ్చును. గేర్లెన్ని యని అడుగుటకన్న, వానిలో తేలికయైనదేదని అడుగుట తెలివి.

“రోడ్డు సైకిలు తేలిక గదా, వేగము గదా” అనువారు కలరు. వారి మాట నిజమే. పాతకాలపు నల్ల సైకిలు సుమారు 20 కిలోలుండగా, ఇది సుమారు 10 కిలోలే యుండును. కొలత కుదిరి, వెడల్పు టైరు పట్టి, విడిభాగములు సమీప పట్టణమున దొరకునట్టిదైనచో దానిని నిస్సంశయముగా కొనవచ్చును. అయితే ఉన్న సొమ్మంతయు సైకిలుకే వెచ్చింపరాదు. శిరస్త్రాణమునకు, గంటకు, దీపమునకు, గాలిపంపునకు కొంత మిగుల్చవలెను.

సొమ్ము చాలనివారు చింతింపనక్కరలేదు. ఫ్రేము పగులక, చక్రములు వంకర తిరుగక, కొలతకు సరిపడిన పాత సైకిలు, కొలత కుదరని క్రొత్తదానికన్న శ్రేష్ఠము. దానిపై బాలుడు గాని బాలిక గాని మరునాడును బడికి క్షేమముగా పోయి రాగలరు.